పెద్ద జబ్బు వచ్చినా ఉద్యోగం నిలబెట్టుకోవడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం ఉద్యోగులకు సమగ్ర మార్గదర్శి

పైడిభీమవరం మందుల కంపెనీలు కావచ్చు, రాజాం, నెల్లిమర్ల జూట్ మిల్లులు కావచ్చు, పలాస జీడి పరిశ్రమలు కావచ్చు, పెద్ద జబ్బు బయటపడిన మనిషి ఉద్యోగం పోయే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. "నీకు జబ్బుంది కాబట్టి తీసేస్తున్నాం" అని ఏ యాజమాన్యమూ రాసివ్వదు. ఆసుపత్రి హడావుడిలో ఇంట్లోవాళ్లు సెలవు చీటీ పంపడం మర్చిపోతారు, మస్టర్‌లో వరసగా ఆబ్సెంట్ పడుతుంది, కొన్నాళ్లకి పేరు కొట్టేస్తారు. లేదంటే సూపర్‌వైజరే మంచిమాటగా, "ముందు ఒళ్లు చూసుకో బాబూ, రాజీనామా ఇచ్చేయ్, సెటిల్‌మెంట్ తొందరగా చేయిస్తాను" అంటాడు. మనిషి భయంలో ఉంటాడు, సంతకం పెట్టేస్తాడు.

ఫైల్లో మొదటిది గైర్హాజరు అవుతుంది, రెండోది సొంత ఇష్టంతో మానేయడం అవుతుంది. జబ్బు ఊసే ఉండదు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని పట్టి పీడిస్తోందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ఇళ్లలో ఉద్యోగం చేసే మనిషే డయాలసిస్ మీద పడితే జీతం, వైద్యం, పీఎఫ్ అన్నీ ఒకేసారి కదిలిపోతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టుకీ ఉద్దేశం ఒకటే: మీ జబ్బు, మీ సెలవు, తిరిగి పనికి రావాలన్న మీ కోరిక, మూడూ కాగితం మీద కనబడాలి.

మొదటి మెట్టు: గైర్హాజరు అవ్వకండి, సెలవులో ఉండండి

జబ్బు తేలిన వారంలోపే సెలవు ఉత్తరం ఆఫీసుకి చేరాలి. రోగి ఐసీయూలో ఉంటే భార్యో, అన్నదమ్ములో సంతకం పెట్టి ఇవ్వవచ్చు. చాలా ఫ్యాక్టరీల స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే సర్వీసు నియమాల్లో, మంజూరైన సెలవు అయిపోయాక 8 రోజులు దాటి రాకపోతే ఉద్యోగం మీద హక్కు పోతుందని రాసుంటుంది. దీన్ని పట్టుకునే పేర్లు కొట్టేస్తారు. అయితే అలాంటి నిబంధన ఉన్నా సరే, కార్మికుడి వాదన వినకుండా, విచారణ జరపకుండా ఉద్యోగం పోయిందని ప్రకటించడం చెల్లదని సుప్రీంకోర్టు 1993లోనే తీర్పిచ్చింది. తీర్పు మన వైపే ఉంది. కానీ కోర్టుదాకా వెళ్లే అవసరం లేకుండా చేసేది ఒక్క ఉత్తరం.

ఇలా రాస్తే చాలు:

"మేనేజర్ గారికి నమస్కారం. నేను ప్యాకింగ్ విభాగంలో పని చేస్తున్నాను. ఎంప్లాయీ నంబరు ఫలానా. నాకు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని ఫలానా తేదీన డాక్టర్లు నిర్ధారించారు. డయాలసిస్ మొదలుపెట్టాలని చెప్పారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మెడికల్ లీవ్ మంజూరు చేయగలరు. డాక్టర్ సర్టిఫికెట్ జత చేశాను. సెలవు పొడిగించాల్సి వస్తే ఈ గడువు ముగిసేలోపే తెలియజేస్తాను. చికిత్స ఒక దారికి వచ్చాక తిరిగి డ్యూటీలో చేరతాను. సెలవులో నా చిరునామా, ఫోను నంబరు కింద రాశాను."

ఇందులో చివరి రెండు వాక్యాలు ఎప్పుడూ వదలకండి. తిరిగి చేరతానని రాసిన మనిషి ఉద్యోగం వదిలేశాడని రేపు ఎవరూ అనలేరు. చిరునామా ఇస్తే, పాత అద్దె ఇంటికి నోటీసులు పంపి "తీసుకోలేదు" అని రాసుకునే వీలుండదు.

ఉత్తరం రెండు కాపీలు తీసి, ఒకదాని మీద తేదీతో స్టాంపు, సంతకం తీసుకోండి. వాళ్లు ఉత్తరం తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో వచ్చింది కూడా ప్రింటు తీయించుకోండి. వాట్సాప్‌లో ఫొటో పెట్టడం మంచిదే. కానీ అదొక్కటే సరిపోదు. గ్రూపులో పెట్టిన మెసేజ్ కంటే హెచ్‌ఆర్ ఈమెయిల్‌కి పంపింది గట్టి సాక్ష్యం.

ఒక్క మినహాయింపు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఉత్తరంలో జబ్బు పేరు రాయనక్కర్లేదు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ సమాచారాన్ని గోప్యంగా ఉంచుకునే హక్కిచ్చింది. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోమని అడగడం కూడా ఆ చట్టం కింద తప్పే.

రెండో మెట్టు: మీరు ఏ గొడుగు కింద ఉన్నారో చూసుకోండి

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట ఉంటే సాధారణంగా ఈఎస్ఐ (కార్మికులకి వైద్యం, జబ్బు భృతి ఇచ్చే ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. వికలాంగ ఉద్యోగికి ఈ పరిమితి 25,000. జీతం మధ్యలో పెరిగి 21,000 దాటినా ఆ ఆరు నెలల చందా కాలం అయ్యేవరకు ఈఎస్ఐలోనే ఉంటారు. పే స్లిప్పులో మీ వాటా 0.75 శాతం కోత కనబడాలి. యాజమాన్యం వాటా 3.25 శాతం.

కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. కాంట్రాక్టరు కట్టకపోతే ప్రధాన యాజమాన్యమే కట్టాలి. "నువ్వు మా రోల్స్‌లో లేవు" అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆగకండి.

ఈఎస్ఐ దాటిన జీతం ఉన్నవాళ్లకి సంస్థ ఇచ్చే సెలవులు, గ్రూప్ ఇన్సూరెన్సు, అపాయింట్‌మెంట్ ఆర్డరే ఆధారం. షాపులు, ప్రైవేటు ఆఫీసుల వంటి చోట్ల ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం ఏడాదికి 12 రోజుల వరకు జబ్బు సెలవు జీతంతో వస్తుంది. అది కాక, ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే తర్వాతి ఏడాదిలో 15 రోజుల ఆర్జిత సెలవు. పెద్ద జబ్బుకి ఇవి ఏ మూలకీ చాలవు, నిజమే. అయినా ముందు వీటిని వాడుకుని, ఆ తర్వాత జీతం లేని సెలవైనా రాతపూర్వకంగా అడగండి. జీతం లేని సెలవులో ఉన్నవాడు ఉద్యోగే.

ఇంకొకటి తెలిసి ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాల పేర్లతో ఉన్న చాలా విషయాలు ఇప్పుడు ఆ కోడ్‌ల కిందికి చేరాయి. మీ సమస్య ఆ తేదీకి ముందుదా, తర్వాతదా అన్నది లేబర్ ఆఫీసులో అడుగుతారు. తేదీలు గుర్తుపెట్టుకోండి.

మూడో మెట్టు: ఈఎస్ఐ డబ్బులు రాబట్టుకోవడం

ఇక్కడ కొంచెం నింపాదిగా చదవండి. మన కార్మికులు చేజార్చుకునేది ఎక్కువగా ఇక్కడే.

జబ్బు భృతి అంటే సెలవులో ఉన్న రోజులకి సగటు రోజు కూలిలో 70 శాతం. ఏడాదిలో 91 రోజుల వరకు ఇస్తారు. కొత్తగా జబ్బు సెలవు మొదలైనప్పుడు మొదటి రెండు రోజులకి రాదు. దీనికి ముందు ఒక చందా కాలంలో 78 రోజులకైనా చందా పడి ఉండాలి. చందా కాలాలు రెండు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టినదానికి ఫలితం తర్వాతి జనవరి నుంచి జూన్ వరకు అందుతుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జులై నుంచి డిసెంబరు వరకు అందుతుంది. అంటే ఆగస్టులో జబ్బు పడితే, అంతకు ముందు అక్టోబరు నుంచి మార్చి వరకు మీ పేరు మీద 78 రోజులు ఉన్నాయా అని చూస్తారు.

91 రోజులు అయిపోగానే చాలామంది ఇంక ఏమీ రాదనుకుంటారు. అసలు పెద్ద జబ్బులకి ఉద్దేశించినది ఆ తర్వాతే మొదలవుతుంది. దాని పేరు పొడిగించిన జబ్బు భృతి. 34 దీర్ఘకాలిక జబ్బులకి రోజు కూలిలో 80 శాతం ఇస్తారు. ఆ జాబితాలో కేన్సర్, దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం, టీబీ, కుష్ఠు, పక్షవాతం, పార్కిన్సన్స్, గుండె వైఫల్యం, నీరు పట్టిన లివర్ సిరోసిస్, స్కిజోఫ్రేనియా వంటివి ఉన్నాయి. మొదట 124 రోజులకి ఇస్తారు, డాక్టర్లు పరిశీలించి రెండేళ్ల వరకు పొడిగించవచ్చు. దీనికి షరతు, రెండేళ్లు వరసగా ఈఎస్ఐ ఉద్యోగంలో ఉండి, అంతకు ముందు నాలుగు చందా కాలాల్లో కలిపి 156 రోజులు చందా కట్టి ఉండాలి.

లెక్క వేసి చూద్దాం. నెలకి 18,000 తీసుకునే ఆపరేటర్‌కి రోజుకి సుమారు 600 అనుకోండి. మొదటి 91 రోజులకి రోజుకి 420 చొప్పున 38,220 రూపాయలు. ఆ తర్వాత కిడ్నీ వైఫల్యం కింద రోజుకి 480, నెలకి 14,400. డయాలసిస్ మీద ఉన్న ఇంటికి ఇది బియ్యం, మందులు, ఆటో ఖర్చు. రాజీనామా ఇచ్చేసి ఈ డబ్బు వదులుకున్న మనిషిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చేయాల్సింది ఇది. మీ ఇన్సూరెన్సు నంబరుతో ఈఎస్ఐ పోర్టల్‌లో లాగిన్ అయి చందాల చరిత్ర ప్రింటు తీయండి. తర్వాత డిస్పెన్సరీకి వెళ్లి ఈఎస్ఐ డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి. బయట ఆసుపత్రిలో చూపించుకుంటున్నా ఆ రిపోర్టులు పట్టుకుని డిస్పెన్సరీకే వెళ్లాలి, ఎందుకంటే భృతి ఇచ్చేది ఆ సర్టిఫికెట్ మీదే. మొదటిది, మధ్యలో పొడిగింపులు, చివర్లో ఫిట్‌నెస్, ఈ వరసలో ఒక్క వారం కూడా ఖాళీ పడకూడదు. భృతి తీసుకునే కాలంలో ఇంకెక్కడైనా పని చేస్తే అది పోతుంది. క్లెయిము వేశాక డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆధార్‌లో, ఈఎస్ఐలో, పాస్‌బుక్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే సరిచూసుకోండి.

జీతంలో కోసి ఈఎస్ఐకి కట్టకపోతే? పే స్లిప్పు పట్టుకుని విశాఖపట్నంలోని ఈఎస్ఐ కార్పొరేషన్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. ఉద్యోగి వాటా కోసి దాచుకోవడం నేరం.

గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు, ఫెర్రో అల్లాయ్స్ పనుల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. మాంగనీసు వల్ల వచ్చే జబ్బులు వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. చేసే పని వల్లే జబ్బు వచ్చిందని తేలితే అది మామూలు జబ్బు కింద రాదు, ఉద్యోగంలో అయిన గాయం కింద లెక్క. తాత్కాలికంగా పని చేయలేని రోజులకి 90 శాతం వస్తుంది. చేతులు వణకడం, నడక మారడం మొదలైతే ఎక్కడ పని చేస్తున్నారో డాక్టరుకి తప్పకుండా చెప్పి కేస్ షీట్‌లో రాయించండి.

నాలుగో మెట్టు: జబ్బు వేరు, చట్టం చెప్పే వైకల్యం వేరు

వికలాంగుల హక్కుల చట్టం 2016 కింద 21 రకాల వైకల్యాలున్నాయి. కిడ్నీ జబ్బు, కేన్సర్, గుండె జబ్బు ఆ జాబితాలో లేవు. ఈ మాట చెబితే మనసు చివుక్కుమంటుంది. కానీ తెలియక వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల చుట్టూ తిరిగి అలిసిపోయేకంటే ముందే తెలుసుకోవడం మేలు.

జాబితాలో ఉన్నవాటిలో మనకి ఎక్కువగా తగిలేవి చలన వైకల్యం, చూపు, వినికిడి లోపాలు, మానసిక జబ్బు, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాల క్షీణత, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్. సికిల్ సెల్‌ని ప్రత్యేకంగా చెబుతున్నాను. సీతంపేట, పార్వతీపురం కొండ ఊళ్ల నుంచి వచ్చి ఈ జిల్లాల్లో ఉద్యోగాలు చేసే గిరిజన యువతీ యువకులు ఒళ్లు నొప్పులని సెలవు పెడితే బద్ధకం అంటారు. అది చట్టం గుర్తించిన వైకల్యం.

పెద్ద జబ్బు పెట్టే చిక్కులు జాబితాలోకి రావచ్చు. షుగరుతో కాలు తీసేస్తే, చూపు పోతే, స్ట్రోక్ వచ్చి చెయ్యీ కాలూ పడిపోతే ఆ వైకల్యానికి సర్టిఫికెట్ వస్తుంది. సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం స్లాటు తీసుకోండి. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు తెలుపు రంగులో ఉంటే 40 శాతంలోపు, పసుపైతే 40 నుంచి 80లోపు, నీలమైతే 80, ఆ పైన. రిజర్వేషన్లకి 40 శాతం కావాలి. కానీ చట్టం 'వికలాంగ వ్యక్తి' అని చెప్పే నిర్వచనం అంతకంటే విశాలమైనది: దీర్ఘకాలిక లోపం వల్ల, చుట్టూ ఉన్న అడ్డంకుల వల్ల అందరితో సమానంగా పాల్గొనలేని మనిషి. తగిన సర్దుబాటు (వైకల్యానికి తగ్గట్టు పనిలోనో పరీక్షలోనో చేసే మార్పు) అడగడానికి 40 శాతం ఉండి తీరాలన్న నియమం లేదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అది పరీక్ష రాయడానికి సహాయకుణ్ణి అడిగిన అభ్యర్థి కేసు. జాబితాలో లేని జబ్బుతో బాధపడేవాళ్లు కూడా ఈ నిర్వచనం ఆధారంగా వాదించవచ్చు, అయితే పోరాటం కాస్త ఎక్కువ ఉంటుంది.

దొంగ సర్టిఫికెట్ జోలికి మాత్రం వెళ్లకండి. రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉంది. పైగా నిజంగా అవసరమున్న మనిషిని అందరూ అనుమానంగా చూసే రోజు వస్తుంది.

ఐదో మెట్టు: పనిలో సర్దుబాటు అడగడం

తిరిగి పనికి వచ్చేటప్పుడు డాక్టరు చీటీలో సాధారణంగా "లైట్ వర్క్ ఇవ్వగలరు" అని ఉంటుంది. ఆ మాటతో హెచ్‌ఆర్‌కి ఏమీ అర్థం కాదు, "మా దగ్గర లైట్ వర్క్ లేదు" అని పంపించేస్తారు. డాక్టరుని బతిమాలైనా సరే, ఏం చేయగలరో, ఏం చేయకూడదో విడివిడిగా రాయించుకోండి.

డయాలసిస్ మనిషికి ఎలా రాయించాలో చూడండి. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం మీద ఉండాలి, రానూపోనూ సమయం వేరు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) వేసిన చేత్తో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ కట్టకూడదు, దెబ్బ తగలకూడదు. నీళ్లు కొలతగా తాగాలి కాబట్టి బాయిలరు, డ్రయ్యరు దగ్గర వేడిలో నిలబెట్టకూడదు. డయాలసిస్ అయిన రోజు నీరసం ఉంటుంది కాబట్టి నైట్ షిఫ్టు వద్దు. కూర్చుని చేసే లేబులింగ్, రికార్డులు రాయడం, స్టోర్స్ లెక్కలు చేయగలడు. ఇలా ఉంటే మేనేజరు కాదనడానికి కారణం వెతుక్కోవాలి. టెక్కలి, పలాస, సోంపేట, కవిటి వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలున్నాయి కాబట్టి, ఇంటికి దగ్గర సెంటర్లో దొరికిన స్లాటుని బట్టి షిఫ్టు అడగండి. ముందు స్లాటు కాగితం, తర్వాత షిఫ్టు ఉత్తరం.

కీమో తీసుకునేవాళ్లకి ఇన్‌ఫెక్షన్ భయం, సాల్వెంట్ల (రసాయనాల) వాసన పడకపోవడం రాయించాలి. జూట్ మిల్లులో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి దుమ్ము తక్కువ ఉండే విభాగం. ఏ జబ్బుకైనా పద్ధతి ఇదే.

ఇరవైమంది గానీ ఎక్కువ గానీ ఉన్న ప్రతి ప్రైవేటు సంస్థా 2016 చట్టం కింద సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి. అందులో వికలాంగ ఉద్యోగులకి బదిలీల్లో ప్రాధాన్యం, ప్రత్యేక సెలవు వంటివి ఏం ఇస్తారో ఉండాలి, వాళ్ల విషయాలు చూసే ఒక లైజన్ ఆఫీసరు పేరు ఉండాలి. మన జిల్లాల్లో ఆ విధానం చూపించమని అడిగే ఉద్యోగులు తక్కువ. మీరు అడగండి, ఈమెయిల్‌లో అడగండి. లేదని తేలితే అదే మీ ఫిర్యాదులో మొదటి అంశం. ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా.

ఆరో మెట్టు: ప్రభుత్వ ఉద్యోగులు, ఆర్టీసీ, టీచర్లు

మీ రక్షణ ప్రైవేటువాళ్ల కంటే చాలా గట్టిది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని తీసేయకూడదు, స్థాయి తగ్గించకూడదని 2016 చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. పాత పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో, అవే సర్వీసు ప్రయోజనాలతో వేరే పోస్టు ఇవ్వాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి రిటైరయ్యే వరకైనా ఉంచాలి. 1995 నాటి పాత చట్టంలోనూ ఈ రక్షణ ఉండేది. కాలు పోయిన ఒక కానిస్టేబుల్ కేసులో 2003లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన ఒక ఆర్టీసీ డ్రైవరుకి వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025లో అదే కోర్టు ఆదేశించింది. ఆ లోపం వైకల్యాల జాబితాలో లేనే లేదు. ఈ తీర్పు జాబితాకి బయట ఉన్న జబ్బులవాళ్లందరికీ పనికొస్తుంది, కాపీ దగ్గర పెట్టుకోండి.

రాష్ట్ర ఉద్యోగికి ఏడాదికి 20 రోజుల అర్ధజీతపు సెలవు జమవుతుంది. డాక్టర్ సర్టిఫికెట్ మీద దాన్ని పూర్తి జీతానికి మార్చుకోవచ్చు, అప్పుడు ఒక రోజుకి ఖాతాలో రెండు రోజులు తగ్గుతాయి. ఇలా మార్చుకోవడం సర్వీసు మొత్తంలో 240 రోజుల వరకే. పన్నెండేళ్ల సర్వీసుంటే 240 అర్ధజీతపు రోజులు ఉంటాయి, అంటే 120 రోజులు పూర్తి జీతంతో ఇంట్లో ఉండవచ్చు. కేన్సర్, టీబీ, కుష్ఠు, మానసిక జబ్బు, గుండె జబ్బు, కిడ్నీ వైఫల్యం వల్ల జీతం లేని సెలవులోకి వెళ్లిన నాన్ గెజిటెడ్ ఉద్యోగులకి ఎక్స్‌గ్రేషియా భత్యం ఉంది. చాలామంది అడగరు. మీ జీతాల బిల్లు పెట్టే అధికారిని (డీడీఓ) అడగండి. టీచర్ల బదిలీల్లో ఇలాంటి జబ్బులకి ప్రిఫరెన్షియల్ కేటగిరీ ఉంటుంది, మెడికల్ బోర్డు కాగితం ముందే సిద్ధం చేసుకోవాలి.

అనుమతి లేకుండా ఏడాది దాటి రాకపోతే మాత్రం రాజీనామా చేసినట్టే లెక్కగట్టే నిబంధన 2007 నుంచి ఉంది. డిప్రెషన్‌తో బాధపడేవాళ్లు ఎక్కువగా దీనికి బలవుతారు, ఎందుకంటే ఉత్తరం రాసే శక్తి కూడా ఆ జబ్బు మిగల్చదు. అలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే ఆ ఉత్తరం మీరే రాసి పంపండి. మానసిక జబ్బు కారణంగా జరిగిన ప్రవర్తన మీద క్రమశిక్షణ చర్య తీసుకోవడం వివక్ష కిందికి రావచ్చని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక సీఆర్పీఎఫ్ అధికారి కేసులో చెప్పింది.

ఏడో మెట్టు: "రాజీనామా ఇచ్చేయ్" అన్నప్పుడు

ఆ గదిలో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. "ఇంట్లో అడిగి చెబుతాను సార్" అని లేచి వచ్చేయండి. తెల్ల కాగితం మీద, వెనక తేదీ మీద, ఇంగ్లీషులో చదవనివ్వని ఫారం మీద అసలే వద్దు. ఇంటికి వచ్చాక అదే రోజు ఒక ఈమెయిల్: "ఈ రోజు ఫలానా వేళ ఫలానావారు నన్ను రాజీనామా చేయమని అడిగారు. నాకు ఉద్యోగం మానే ఉద్దేశం లేదు. చికిత్స తర్వాత డ్యూటీకి వస్తాను." బలవంతంగా ఇప్పటికే రాయించుకుని ఉంటే, ఆమోదించేలోపే వెనక్కి తీసుకుంటున్నట్టు వెంటనే రాయండి.

"మెడికల్‌గా అన్‌ఫిట్" అంటే, ఎవరు పరీక్షించారు, ఏ పనికి అన్‌ఫిట్, వేరే పని ఏదైనా చూశారా అని మూడు ప్రశ్నలూ రాతపూర్వకంగా అడగండి. దీర్ఘకాల అనారోగ్యం కారణంగా తొలగిస్తే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్‌గా లెక్కించదు, కాబట్టి సిబ్బందిని తగ్గించేటప్పుడు ఇచ్చే ఆ పరిహారం రాదు. పాత చట్టంలోనూ కొత్త కోడ్‌లోనూ ఇంతే. యాజమాన్యాలకి ఇది తెలుసు. కానీ నోటీసు, వాదన చెప్పుకునే అవకాశం, నమ్మదగిన వైద్య ఆధారం లేకుండా చేసిన తొలగింపుని సవాలు చేయవచ్చు. ఈఎస్ఐ జబ్బు భృతి తీసుకునే కాలంలో తొలగించడాన్ని 1948 నాటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్ నిషేధించింది. 2025 నవంబరు 21కి ముందు అలా తీసేసి ఉంటే ఆ సెక్షన్ పేరు ఫిర్యాదులో రాయండి.

ఎనిమిదో మెట్టు: నిజంగానే మానేయాల్సి వస్తే

ఒక్కోసారి ఒళ్లు సహకరించదు. అప్పుడు కూడా రాజీనామా ఉత్తరంలో "వ్యక్తిగత కారణాలు" అని రాయకండి. ఆ రెండు మాటలు వేలు, లక్షలు పోగొడతాయి. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల సర్వీసు కావాలి. జబ్బు వల్ల గానీ ప్రమాదం వల్ల గానీ చేసే పనికి అశక్తుడై ఉద్యోగం ముగిస్తే ఆ ఐదేళ్ల షరతు లేదు. బేసిక్, డీఏ కలిపి 13,000 ఉండి నాలుగేళ్లు చేసిన మనిషికి, 13,000ని 15తో గుణించి 26తో భాగిస్తే 7,500. నాలుగేళ్లకి 30,000. "వ్యక్తిగత కారణాలు" అని రాస్తే అది సున్నా. అందుకే "ఫలానా జబ్బు వల్ల ఈ పని చేయలేని స్థితిలో ఉన్నాను, డాక్టర్ సర్టిఫికెట్ జత చేశాను" అని రాయండి. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి. ఆగిపోయిన జీతాలు కొత్త వేతన కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

పీఎఫ్‌లో పెద్దగా ఎవరూ వాడుకోనిది అశక్తత పెన్షన్. ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, ఒక్క నెల చందా కట్టినా అర్హత ఉంటుంది. మెడికల్ బోర్డు పరీక్ష ఉంటుంది. నెలకి కనీసం 1,000.

రాష్ట్రం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పెన్షన్‌లో డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకి నెలకి 10,000, వికలాంగులకి 6,000. సచివాలయంలో దరఖాస్తు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స వేరే.

తొమ్మిదో మెట్టు: ఫిర్యాదు ఎక్కడ

ప్రైవేటు ఉద్యోగి ముందు జిల్లా లేబర్ ఆఫీసుకి వెళ్లాలి. అక్కడ రాజీ ప్రయత్నం జరుగుతుంది, తేలకపోతే విశాఖపట్నం పారిశ్రామిక ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. పాత చట్టంలో దీనికి మూడేళ్ల గడువుండేది, కొత్త కోడ్‌లో రెండేళ్లే. వైకల్యం వల్ల వివక్ష జరిగితే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయవచ్చు. ప్రభుత్వ ఉద్యోగి ముందుగా తన శాఖలోని ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఇవ్వాలి. రెండు వారాల్లో విచారించాలి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చినా నష్టం లేదు, నంబరు వేసిన రసీదు వస్తుంది. కానీ అక్కడ ఇచ్చినంత మాత్రాన లేబర్ కేసు గడువు ఆగదు.

లాయరు ఫీజుకి భయపడి ఆగిపోవద్దు. వికలాంగులకి, మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయం ఉంది, వీళ్లకి ఆదాయ పరిమితి చూడరు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. కదల్లేని స్థితిలో ఉంటే 15100కి ఫోను చేయండి. వెళ్లేటప్పుడు సెలవు ఉత్తరాల కాపీలు, పోస్టు రసీదులు, ఆరు నెలల పే స్లిప్పులు, ఈఎస్ఐ చందాల ప్రింటు, డిశ్చార్జ్ సమ్మరీలు తేదీల వరసలో పెట్టి తీసుకెళ్లండి. ఒరిజినల్ ఎవరికీ వదలకండి, జెరాక్సులే ఇవ్వండి.